రంగు మారిన తాడు

"చూడక్కా, మళ్లీ చూడు. ఒంటిగంటా నలభై రెండు నిమిషాల తొమ్మిదో సెకనుకి స్టోరు తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ఇరవయ్యొకటో సెకనుకి వెనక తలుపు దాటాడు. చేతిలో డ్రైవ్. ఇంకేం కావాలి నీకు?"

ఇన్‌స్పెక్టర్ ల్యాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని, కొలువు తీరిన రాజులా కూర్చున్నాడు. ఆ షూటింగు హాల్లో కుర్చీలు లేవు. మూడు గోడలకీ నేలకీ ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంది. నటులు ఎక్కడానికీ కూర్చోవడానికీ అదే గుడ్డ చుట్టిన చెక్కపెట్టెలు అక్కడక్కడా పడి ఉన్నాయి. ఫ్యాను కింద ఉన్న చిన్న పెట్టెను ఆయన పొద్దున తొమ్మిదిన్నరకే ఆక్రమించాడు. అప్పటినుంచి విచారణంతా దాని మీదనుంచే నడుస్తోంది.

ఆయన ముందు నిలబడి వీడియో చూస్తున్నావిడ ఆయనకి స్వయానా అక్క. పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఫిల్ము రీళ్ల కాలంలో ఇరవై రెండేళ్లు ఎడిటింగ్ గదిలో కత్తెర పట్టి, రీళ్లు పోయాక ప్రైవేటు డిటెక్టివ్‌గా మారింది కాబట్టి కత్తెరమ్మ అయింది. తమ్ముడికి అక్క అంటే ప్రాణమే. కాకపోతే తన కేసులో అక్క వేలు పెడితే ఆ ప్రాణం కాస్తా గొంతులోకొస్తుంది.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. ఆ స్టూడియోలో సినిమాలకి గ్రాఫిక్స్ చేస్తారు. ఏడాదిన్నర పాటు చేసిన ఒక సినిమా పని మొత్తం అరచేతికి కాస్త పెద్దదైన నల్లటి డ్రైవ్‌లో ఉంది. ఇదివరకు ఒక సినిమా బయటికి పొక్కిందని యజమాని రెండో కాపీ ఉంచనివ్వడు. నిన్న పన్నెండూ యాభైకి గ్రాఫిక్స్ పెద్ద, అందరూ మాస్టారు అని పిలిచే ఆయన, డ్రైవ్ ఇందులో ఉందని మూసిన ఇనప డబ్బాను స్టోరు కాపలాదారుకి అప్పజెప్పాడు. ఇద్దరూ పుస్తకంలో సంతకాలు పెట్టారు. ఈ ఉదయం తొమ్మిదికి అందరి ముందూ డబ్బా తెరిస్తే డ్రైవ్ బదులు అంతే బరువున్న చెక్కముక్క ఉంది.

"డ్రైవ్ దొరికిందా?" కత్తెరమ్మ అడిగింది.

"బీరువాలు, బల్లలు, నీళ్ల ట్యాంకు, చివరికి చీపురు కట్టలు కూడా విప్పించాను. గేటు దగ్గర ప్రతివాణ్నీ తడిమి పంపిస్తారు కాబట్టి బయటికి పోలేదు. ఆ స్టోరు ముసలాయన నోరు విప్పితే దొరుకుతుంది. నాలుగింటికి ఆయన్ని స్టేషన్‌కి తీసుకెళ్తున్నా. విలేకరులకి కూడా చెప్పేశాను."

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

'అదీ సంగతి' అనుకుంది కత్తెరమ్మ. మాట ఇచ్చిన మగాడు వెనక్కి తగ్గినా తగ్గుతాడేమో గానీ, విలేకరులకి చెప్పిన ఇన్‌స్పెక్టర్ తగ్గడు. గడియారం రెండూ పది చూపిస్తోంది.

"ఈ వీడియో ఎవరెవరు చూశారు?"

"నేను చూశాను, ముసలాయనకి చూపించాను, ఇప్పుడు నువ్వు. రికార్డర్‌లోంచి తీసి నా దగ్గరే పెట్టుకున్నాను. యజమానికి కూడా చూపించలేదు."

"మంచి పని చేశావు," అంది ఆవిడ. తమ్ముణ్ని మెచ్చుకోవడం ఆవిడకి అలవాటు లేదు కాబట్టి అతను అనుమానంగా చూశాడు.

ఆవిడ వీడియోను మూడోసారి నడిపించింది. నడవ చివర ఒక మూలగా ఉన్న కెమెరా తీసిన బొమ్మ. బూడిదరంగు గోడలు, ఎడమ గోడకి అగ్నిప్రమాదాల కోసం పెట్టిన ఎర్రటి పెట్టె. గోధుమరంగు కోటు వేసుకున్న పెద్దాయన నిటారుగా నడిచొస్తున్నాడు. ఛాతీ మీద తాళాల గుత్తి ఊగుతోంది. పాదాల కింద రెండు నీడలు, నడవలో రెండు ట్యూబులైట్లు ఉన్నాయి కాబట్టి. ఎక్కడా అతుకు కనపడలేదు. కానీ ఆవిడ కంటికి ఏదో నలక పడ్డట్టయింది. ఇరవై రెండేళ్ల కన్ను అది. నలక ఏమిటో తేలేదాకా ఊరుకోదు.

స్టోరు గది బయట కానిస్టేబుల్, లోపల తాళాల తాతయ్య. స్టూడియోలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. తన సామాన్ల మధ్య తానే ఖైదీగా నిలబడి ఉన్నాడు.

"కూర్చోండి పెద్దాయనా," అంది కత్తెరమ్మ.

"నా స్టోర్‌లో నన్ను కూర్చోమనడానికి మీరెవరమ్మా? మీరు కూర్చోండి."

ఆవిడ నవ్వుకుని కూర్చుంది. గదిలో ప్రతి అరకీ చీటీ, ప్రతి చీటీ మీదా అంకె. తీగలు పాముల్లా చుట్టలు చుట్టుకోకుండా ఒద్దికగా కొక్కేలకి వేలాడుతున్నాయి. ఆవిడకి ముచ్చటేసింది. పని తెలిసినవాడి గదిని చూస్తే పని తెలిసినవాళ్లకి కలిగే ముచ్చట అది.

"మీ కోడలు పదింటికి మా ఇంటికి ఏడుస్తూ వచ్చింది. అందుకే వచ్చాను."

"ఏడవద్దని చెప్పండి. నేనేం చేశానని? ముప్ఫయ్యొక్కేళ్లలో ఒక్క మేకు పోలేదమ్మా ఇక్కడ. మీ తమ్ముడుగారు మంచివారే. తప్పయిపోయిందని వస్తువు ఇచ్చేస్తే ఇంటికి పంపేస్తానన్నారు."

"మీరేమన్నారు?"

"చేయని తప్పు ఒప్పుకుని ఇంటికెళ్తే మా మనవరాలి మొహం ఎలా చూస్తాను? జైలుకే పంపించండి, అక్కడ కూడా స్టోరు ఉంటుంది కదా అన్నాను."

ఆయన చెయ్యి మాటిమాటికీ ఛాతీ మీదికి పోయి, అక్కడేమీ లేక కిందికి జారుతోంది. తాళాలను ఇన్‌స్పెక్టర్ సాక్ష్యం కింద కవర్లో పెట్టి సీలు వేశాడు. ముప్ఫయ్యొక్కేళ్లుగా ఉన్న బరువు ఒక్క పూటలో పోయిందంటే ఆ ఖాళీ ఎలా ఉంటుందో కత్తెరమ్మకి తెలుసు. చివరి రీలు కత్తిరించిన రోజున కత్తెర పట్టుకునే వేళ్లకి తనకీ అలాగే అయింది.

"నిన్న ఒకటీ నలభై రెండుకి ఎక్కడున్నారు?"

"వెనక గదిలో భోజనం. తలుపుకి తాళం వేసుకునే వెళ్లాను. ఒక్కణ్నే తింటాను కాబట్టి సాక్షి లేడు. అందరితో కూర్చుని తింటే కబుర్లలో పడి తాళం మర్చిపోతానని ముప్ఫయ్యొక్కేళ్లుగా ఒక్కణ్నే తింటున్నాను. ఆ జాగ్రత్తే ఇవాళ నా కొంప ముంచింది."

"వీడియోలో మీరే ఉన్నారు కదా?"

"నేనే. నా కోటే, నా నడకే. నా కళ్లతో నేను చూశాను. కానీ నేను నడవలేదమ్మా." పెద్దాయన అర మీది చీటీ ఒకటి సరిచేశాడు. "నిన్నటి సంగతి నాకు బాగా గుర్తు. మతిపోయే వయసు కాదు నాది. కానీ మీ తమ్ముడు మూడుసార్లు చూపించేసరికి, ఏమో, నడిచానేమో అనిపించింది. నాకు అన్నిటికంటే భయం వేసింది అదే."

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఈమధ్య ఎవరైనా మిమ్మల్ని కెమెరా ముందు నడిపించారా?"

ఆయన మొహం వెలిగింది. "మొన్న సోమవారం. లైట్లు సరిచూసుకోవాలంటే నటుల్ని నిలబెట్టరు కదా, మనలాంటివాళ్లనే నిలబెడతారు. ఆ ఆకుపచ్చ హాల్లో నన్నే నిలబెడతారు ఎప్పుడూ. నటుడికంటే నేను నిటారుగా నిలబడతానని కెమెరామన్ అంటాడు. ఆ రోజు చేతిలో ఒక నల్ల పలక ఇచ్చి అటూ ఇటూ నడవమన్నారు."

"ఎవరు?"

"లైట్ల వెలుగులో ఎదుట ఎవరున్నారో నాకేం కనబడుతుంది? మైకులో గొంతు చిట్టిది. గ్రాఫిక్స్ చేసే పిల్ల. మంచిపిల్లమ్మా, దాని మీద పెట్టకండి."

"ఎవరి మీదా ఏమీ పెట్టను. ఇంకొక్క మాట. తాళాలు కట్టుకున్న తాడు ఎప్పటిది?"

"పాతది తెగిపోయింది. మా మనవరాలు కొత్తది అల్లి మెళ్లో వేసింది, పది రోజులైంది. ఏం?"

"ఏ రంగు?"

"ఆకుపచ్చ."

కత్తెరమ్మ లేచి నిలబడింది. కంట్లో నలక బయటపడింది.

నడవలో ఆవిడ స్టోరు తలుపు దగ్గరనుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. పదకొండో అడుగు దగ్గర గోడకి అదే ఎర్రటి పెట్టె. సరిగ్గా ఛాతీ ఎత్తున ఉంది. కెమెరా వైపు తిరిగి చూసి, మళ్లీ పెట్టె వైపు చూసి, తనలో తాను తల ఊపుకుంది. దారిన పోతున్న ఆఫీసు గుమాస్తా ఆవిడకి మతి చలించిందేమోనని పక్కకి తప్పుకున్నాడు.

"నాలుగింటికి వ్యాను వస్తుందని గేటు దగ్గర విన్నాను, ఎందుకు?" అని అడిగింది అతన్ని.

"షూటింగు సామాను పొరుగూరు పోతుంది మేడమ్. గుడ్డలు, లైట్లు, పెట్టెలు. మాస్టారు కూడా వెళ్తున్నారు."

ఆవిడ చిట్టి గదిలోకి వెళ్లేసరికి రెండూ యాభై. చిట్టికి ఇరవై మూడేళ్లుంటాయి. రెండు తెరల ముందు కూర్చుని, కళ్ల కింద నల్లటి చారలతో, ఎవరో తరుముతున్నట్టు పని చేస్తోంది. కత్తెరమ్మ వీడియో మాట ఎత్తలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

"నేను రీళ్ల కాలం దాన్నమ్మాయ్. ఒక రీలు మీద ఇంకో రీలు పెట్టి, మధ్యలో ముసుగు వేసి, మనిషిని మేఘాల మీద కూర్చోబెట్టేవాళ్లం. అప్పుడు వెనక తెర నీలం. మీరు ఆకుపచ్చతో ఎలా చేస్తారో ఒక్కసారి చూపించు."

పని గురించి అడిగితే చిట్టి అలసట ఎటు పోయిందో తెలియదు. తెర మీద ఒక నటి ఆకుపచ్చ గుడ్డ ముందు నిలబడి ఉంది. "ఈ ఆకుపచ్చని తీసెయ్ అని చెప్తాం మేడమ్. ఆకుపచ్చ ఉన్నచోటల్లా కన్నం పడుతుంది. అడుగు పొరలో ఏ బొమ్మ పెడితే అది ఆ కన్నంలోంచి కనిపిస్తుంది. చూడండి." గుడ్డ మాయమై నటి వెనక సముద్రం వచ్చింది. "కానీ అంతటితో అయిపోతే అతుకు తెలిసిపోతుంది. అడుగున సముద్రం. దాని మీద పొరలో ఆవిడ నీడ. నీడ మీద ఆవిడ. అన్నిటి మీదా మసక చుక్కల పొర ఒకటి, అప్పుడే అంతా ఒకే కెమెరా తీసినట్టుంటుంది. దుప్పటి మీద దుప్పటి. ఏది పైనో ఏది కిందో తేడా వస్తే మొత్తం పోతుంది."

"కన్నం పడకూడనిచోట పడితే?"

"అందుకే హాల్లోకి ఆకుపచ్చ చీర కట్టుకుని రానివ్వం. తల మాత్రం గాల్లో తేలుతుంది." చిట్టి నవ్వింది. "కానీ మాకు ఒక జబ్బుంది మేడమ్. ఆ హాల్లో ఆకుపచ్చగా ఉన్నదేదీ మా కళ్లకి ఆనదు. ఎలాగూ పోయేదే కదా అని మనసు ముందే తీసేస్తుంది. మొన్న ఆ పెట్టె ఒకటి తగిలి బోర్లా పడ్డాను."

ఆ మాట కత్తెరమ్మ మనసులో ఒక మూల దాచుకుంది. "సోమవారం తాతయ్యని నడిపించింది నువ్వేనట."

చిట్టి నవ్వు ఆగిపోయింది. "అవును."

"ఎవరు చేయమన్నారు?"

"గుర్తులేదు మేడమ్."

గుర్తులేకపోవడానికీ చెప్పలేకపోవడానికీ మధ్య తేడా తెలియనంత చిన్నది కాదు కత్తెరమ్మ. గోడ మీద ఒక ఫోటో ఉంది. మాస్టారు ఏదో బహుమతి అందుకుంటున్నాడు, పక్కన చిట్టి చప్పట్లు కొడుతోంది. ఆవిడ ఆ ఫోటో చూసి ఇంకేమీ అడగకుండా లేచింది.

మూడూ ఇరవైకి అందరూ ఆకుపచ్చ హాల్లో ఉన్నారు. కత్తెరమ్మే పిలిపించింది. ఇన్‌స్పెక్టర్ తన పెట్టె దిగలేదు. చిట్టి ఒక మూల, మాస్టారు ఇంకో మూల నిలబడ్డారు. మాస్టారు నలభై ఐదేళ్ల మనిషి. ఇస్త్రీ చెదరని చొక్కా, నెరిసినా దువ్వెన దాటని జుట్టు. ఆయన నిలబడిన తీరులోనే ఒక ఠీవి ఉంది. తాతయ్యని కానిస్టేబుల్ గుమ్మం దగ్గర నిలబెట్టాడు.

"త్వరగా కానియ్యక్కా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇది రీలు కత్తిరించినంత సులువు కాదు."

"రీలు కత్తిరించడం సులువని ఎవడన్నాడ్రా నీతో? ముందు ఆ కవరు సీలు విప్పు."

అందరి ముందూ 'రా' అనేసరికి ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కవరు విప్పాడు. తాళాల గుత్తి, దానికి ఆకుపచ్చ దారాలతో అల్లిన తాడు.

"ఇప్పుడు వీడియో పెట్టు. తెర నీవైపే తిప్పుకో, ఎవరికీ చూపించకు. తాళాలు ఏ తాడుకి వేలాడుతున్నాయి?"

"బూడిదరంగు తాడు. ఆయన దగ్గర రెండు తాళ్లుంటాయి, అయితే ఏంటి?"

"పదహారో సెకను దగ్గర ఆపు. ఎర్రపెట్టె ముందునుంచి వెళ్తున్నప్పుడు."

ఇన్‌స్పెక్టర్ ఆపాడు. కళ్లు చిట్లించాడు. బొమ్మను పెద్దది చేశాడు. 

"ఎర్రగా ఉంది," అన్నాడు నెమ్మదిగా.

"పదిహేడో సెకను?"

"మళ్లీ బూడిద."

"నడుస్తూ నడుస్తూ రంగు మార్చుకునే తాడు ఎక్కడైనా దొరికితే నాకూ ఒకటి కొనిపెట్టు తమ్ముడూ. అది తాడు కాదు, కన్నం. ఆయన మెళ్లో ఉన్నది ఆకుపచ్చ తాడు. గుడ్డతో పాటు అదీ పోయింది. పోయినచోట వెనక ఏముంటే అది కనపడుతోంది. గోడ ఉంటే గోడ, ఎర్రపెట్టె ఉంటే ఎర్రపెట్టె. సోమవారం ఈ హాల్లో నడిచిన మనిషిని పట్టుకెళ్లి నిన్నటి ఖాళీ నడవ మీద పొరలా పరిచారు. ఆ పొర చేసినవాళ్లే రికార్డర్‌లోంచి అసలు వీడియో తీసేసి ఇది పెట్టారు."

గుమ్మం దగ్గర తాతయ్య గోడకి చెయ్యి ఆనించాడు. "అయితే నేను నడవలేదన్నమాట," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. వాడిన మొహంలో ఒక్కసారిగా కళ వచ్చింది. "నాకు తెలుసు. నాకు తెలుసు."

ఇన్‌స్పెక్టర్ మాత్రం ఓడిపోయే రకం కాదు. ఒక దారి మూసుకుపోతే రెండో దారిలో అంతే వేగంగా పరిగెత్తుతాడు. "సరే. సోమవారం వీడియో ఎవరి కంప్యూటర్‌లో ఉంది? ఈ పిల్ల కంప్యూటర్‌లో. నడిపించింది ఎవరు? ఈ పిల్లే. నువ్వే పట్టిచ్చావు అక్కా, చాలా థాంక్స్."

చిట్టి పెదాలు తెల్లబడ్డాయి. "మాస్టారు చెప్తేనే పిలిచాను సార్. ఆయనే పలక ఇమ్మన్నారు." ఆశగా మాస్టారు వైపు చూసింది.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. "నేను చెప్పలేదు చిట్టీ. భయంలో ఏదేదో అంటోంది, పాపం. దానిమీద కోపం తెచ్చుకోకండి ఇన్‌స్పెక్టర్‌గారూ."

ఆ 'పాపం' అన్న మాట వినగానే చిట్టి కళ్లలోంచి నీళ్లు జారాయి. కత్తెరమ్మకి ఒళ్లు మండింది. అయినా గొంతులో వెన్న పూసుకుంది.

"మీరేం చేస్తారు మాస్టారూ, నేర్పడం వరకే మీ వంతు. మీరు ఈ వీడియో చూడలేదు కదా?"

"లేదండీ. మాకెవరికీ చూపించలేదు."

"చూడకపోవడమే మంచిది. ఇరవై రెండేళ్లు ఇదే పనిలో ఉన్నదాన్ని, చెప్తే బాగుండదు గానీ, చూడగానే నవ్వొచ్చింది. అంచులు గొర్రె కొరికినట్టున్నాయి. మనిషి నేల మీద నడుస్తున్నట్టే లేడు, గాల్లో తేలుతున్నాడు."

"అక్కా, నీడ..." అని ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయాడు. ఆవిడ తమ్ముడి బూటు మీద కాలు వేసి గట్టిగా తొక్కింది. చిన్నప్పుడు అమ్మ ముందు ఎన్నోసార్లు తిన్న తొక్కుడే కాబట్టి అతనికి అర్థమై నోరు మూసుకున్నాడు.

"కొంచెం తొందరలో చేసుంటారు," అన్నాడు మాస్టారు. మెడ దగ్గర నరం ఒకటి పైకి తేలింది.

"తొందర కాదు, చేతకానితనం. రేపు కోర్టులో నిపుణుల రిపోర్టు వస్తుంది. ఈ స్టూడియోలో, మాస్టారి చేతికింద తయారైన నాసిరకం పని అని మీ పేరు వేసి మరీ రాస్తారు. నాకు అదే బాధ. పాదాల కింద నీడ కూడా వేయడం రాని పిల్లని మీరు ఇన్నాళ్లు ఎలా పెట్టుకున్నారు?"

"నీడ లేకపోవడమేంటి?" మాస్టారు గొంతు పైకి లేచింది. "ఒకటి కాదు, రెండున్నాయి. రెండు ట్యూబులైట్లకి రెండు నీడలు. దూరం లైటుది పలచన, దగ్గరిది చిక్కన. వెనక తలుపు గడప దగ్గరికొచ్చేసరికి రెండూ విరిగి పైకి ఎక్కుతాయి. అది ఎవరు వేయగలరో చెప్పమనండి మీ నిపుణుల్ని. ఈ పిల్లకి ఇంకో పదేళ్లు పట్టినా..."

అక్కడ ఆగాడు. కానీ ఆగాల్సిన చోటు దాటి చాలా దూరం వచ్చేశాడు.

ఇన్‌స్పెక్టర్ ల్యాప్‌టాప్ వైపు చూశాడు. గడప దగ్గర రెండు నీడలు విరిగి, పైకెక్కి ఉన్నాయి. అప్పటిదాకా తానూ గమనించలేదు.

"చూడని వీడియోలో గడప దగ్గర నీడ విరిగిన సంగతి మీకెలా తెలిసింది మాస్టారూ?" అంది కత్తెరమ్మ. "మీ పని గొప్పదే. రెండు నీడలు చూడగానే నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. జుట్టు, అంచు, నీడ, కష్టమైనవన్నీ దిద్దారు. మెళ్లో తాడు మాత్రం కనపడలేదు. ఆకుపచ్చ కదా, మీ కళ్లు ముందే తీసేశాయి. దీపం కిందే చీకటి."

మాస్టారు చొక్కా చేతులు సర్దుకున్నాడు. మాట్లాడినప్పుడు తల దించలేదు. "సినిమా పేర్లలో నా పేరు తీసేసి యజమాని తన అల్లుడి పేరు వేయించాడు. ఏడాదిన్నర నా కళ్లు ధారపోసిన పని. నా పేరు లేకుండా అది తెర మీదికి వెళ్లకూడదనుకున్నాను."

"పేరు కోసమా?" గుమ్మం దగ్గరనుంచి తాతయ్య అడిగాడు. కానిస్టేబుల్ ఆపబోతే చెయ్యి విదిలించుకుని లోపలికొచ్చాడు. "మరి నా పేరు ఏం చేద్దామనుకున్నావు బాబూ?"

మాస్టారు చూపు తిప్పుకున్నాడు. ఆయన చిట్టి వైపూ చూడలేకపోయాడు. కానీ క్షణంలో మళ్లీ సర్దుకున్నాడు. "నోరు జారినంత మాత్రాన దొంగనైపోను. నన్ను గేటు దగ్గర తడిమే పంపించారు. డ్రైవ్ ఏదీ? వస్తువు లేకుండా కోర్టులో నిలబడండి చూద్దాం."

బయట వ్యాను హారన్ మోగింది. మూడూ యాభై. పది నిమిషాలు ముందే వచ్చింది. మాస్టారి చూపు ఒక్క రెప్పపాటు హాలు మధ్యకి వెళ్లి వెనక్కొచ్చింది. ఇద్దరు కూలీలు గుమ్మంలో నిలబడ్డారు. "సామాను ఎత్తమంటారా సార్?"

"ఒక్క నిమిషం ఆగండి," అంది కత్తెరమ్మ. "ఎవరూ తీసుకెళ్లకపోతే డ్రైవ్ స్టోర్‌లోంచి బయటికి రాలేదు. రాలేదంటే అసలు లోపలికే వెళ్లలేదు. మీరు అప్పజెప్పిన డబ్బాలో మొదటినుంచీ ఉన్నది చెక్కముక్కే. గేటు దాటలేదు కాబట్టి వస్తువు ఇక్కడే ఉంది. ఈ స్టూడియోలో ఎవరి కళ్లూ ఆనని రంగు ఒకటుంది, చిట్టి చెప్పింది." ఆవిడ వెనక్కి తిరిగింది. "పెద్దాయనా, మీ స్టోరు లెక్క ప్రకారం ఈ ఆకుపచ్చ పెట్టెలు ఎన్ని?"

"తొమ్మిది," అన్నాడు తాతయ్య తడుముకోకుండా. "పెద్దవి నాలుగు, చిన్నవి ఐదు. గుడ్డ నేనే చుట్టించాను, మడత ఎడమవైపుకి వస్తుంది."

"లెక్కపెట్టండి."

ఆయన కోటు సర్దుకున్నాడు. పొద్దుటినుంచి ఎవరెవరో నిలబెట్టినచోట నిలబడ్డ మనిషి, తన సామాను మధ్య తన నడకతో నడిచాడు. ఒక్కో పెట్టెనూ వేలితో తాకుతూ, మడత చూస్తూ, హాలంతా తిరిగాడు. పెద్దవి నాలుగయ్యాయి. చిన్నవి ఐదయ్యాయి. తొమ్మిదోదాన్ని తాకాక తలెత్తి, హాలు మధ్యలో ఫ్యాను కింద ఆగాడు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, కాస్త లేస్తారా?"

ఇన్‌స్పెక్టర్‌కి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక లేవడానికి ఇంకొంచెం సమయం పట్టింది. పొద్దున తొమ్మిదిన్నరనుంచి తన కాళ్ల కిందా, తన కింద ఉన్న పెట్టె లోపలా తప్ప మిగతా అన్నిచోట్లా వెతికించిన మనిషి అతను.

"మడత కుడివైపుంది," అన్నాడు తాతయ్య వంగి చూసి. "ఇది నాది కాదు."

కానిస్టేబుల్ గుడ్డ చింపి మూత లేపాడు. పాత గుడ్డల మధ్య, నురుగు అట్టలో చుట్టి, నల్లటి డ్రైవ్ భద్రంగా ఉంది. మాస్టారు గోడవైపు తిరిగాడు. రెండో కానిస్టేబుల్ వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ డ్రైవ్‌ను రెండు చేతులతో పైకి తీశాడు. అక్క వైపు చూశాడు. ఆవిడ ఖాళీ అయిన పెట్టె వైపు చూసింది. ఆ చూపే అతనికి ఎక్కువ తగిలింది. "పెద్దాయనా," అన్నాడు గొంతు సవరించుకుని, "మీరిక ఇంటికి వెళ్లొచ్చు."

"ఇంటికా?" తాతయ్య ఆశ్చర్యంగా చూశాడు. "నా డ్యూటీ ఆరింటిదాకా. విలేకరులకి పొద్దున చెప్పినట్టే ఈ మాట కూడా మీ నోటితో చెప్పండి, మా మనవరాలు వింటుంది. అంతకంటే ముందు ఆ వస్తువు పుస్తకంలో రాసుకోవాలి, మీరు సంతకం పెట్టాలి, లాకర్‌లో పెట్టాలి." అని నిటారుగా నిలబడి, అరచెయ్యి ముందుకి చాపాడు. "తాళాలు ఇలా ఇవ్వండి."